యంగ్ లైవ్స్ డేటా మీద ట్రైనింగ్ పెడుతున్నారా? మొదటి పూట ల్యాప్‌టాప్‌లు మూయించండి

పీహెచ్‌డీ స్కాలర్లకి, ఎన్జీవోల్లో రీసెర్చ్ చేసేవాళ్ళకి ఈ డేటా నేర్పించేటప్పుడు నేను ఎలా చేస్తానో రాస్తున్నా, పనికొస్తే వాడుకోండి. తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే స్టడీ, ఇథియోపియా, ఇండియా, పెరూ, వియత్నాంలో కలిపి సుమారు 12,000 మంది పిల్లల్ని 2002 నుంచి వెంబడిస్తూ వస్తున్నారు. ఇండియా అంటే ఇక్కడ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, శ్రీకాకుళం, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్ లాంటి జిల్లాల్లో మొత్తం 20 సైట్లు. 2001-02లో పుట్టిన చిన్న బ్యాచ్ 2,011 మంది, 1994-95లో పుట్టిన పెద్ద బ్యాచ్ 1,008 మంది.

ట్రైనింగ్‌కి రెండు వారాల ముందే అందరితో ఈ డేటా దొరికే వెబ్‌సైట్ యూకే డేటా సర్వీస్‌లో ఎవరి పేరు మీద వాళ్ళ చేత రిజిస్టర్ చేయించండి. ఒకళ్ళు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో అందరికీ పంచే అలవాటు మన దగ్గర బాగా ఉంది, ఇక్కడ మాత్రం వద్దు, లైసెన్స్ ఒప్పుకున్నవాళ్ళే ఫైల్ తెరవాలి.

మొదటి పూట ఆ స్టడీలో వాడిన క్వశ్చనీర్ ప్రింట్ తీసి ఇవ్వండి. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు ఇన్వెస్టిగేటర్, ఒకరు తల్లి, పూర్తిగా తెలుగులోనే అడగాలి. కుటుంబానికి వచ్చిన కష్టాల సెక్షన్ దగ్గరికి రాగానే "వానల్లేవు, బోరు ఎండిపోయింది, గేదెని అమ్మేశాం, అప్పయింది" అని ఒక్క గుక్కలో చెప్తారు, దాన్ని ఏ కోడ్‌లో వెయ్యాలి, కరువా, పశువుల నష్టమా, అప్పా అని అక్కడే వాదన మొదలవుతుంది, ఆ వాదన జరగనివ్వండి. డేటాలో కనపడే 1 (అవును), 0 (కాదు) వెనకాల ఇంత ఉందని అప్పుడే తెలుస్తుంది.

తర్వాత గోడకి టేపు అంటించి ఒకే మనిషి ఎత్తుని ముగ్గురితో విడివిడిగా కొలిపించండి. అర సెంటీమీటరో ఒకటో తేడా వస్తుంది. ఒక సెంటీమీటరు తేడా ఏడాది పిల్లాడి కొలతలో వస్తే జెడ్ స్కోర్ (ఆ వయసుకి ఉండాల్సిన ఎత్తుకి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే అంకె) దాదాపు 0.4 కదులుతుంది, పదిహేనేళ్ళ పిల్లాడికైతే 0.13 దగ్గరే ఆగుతుంది. స్టంటింగ్, అంటే వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడం, ఈ స్కోర్ మైనస్ 2 కంటే కింద ఉంటే లెక్క కాబట్టి, గీత పక్కనే ఉన్న పసిపిల్లలు ఇటునుంచి అటు ఎంత తేలిగ్గా మారిపోతారో చెప్పకుండానే అర్థమైపోతుంది.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచాక కూడా రిగ్రెషన్ లాంటి స్టాటిస్టిక్స్ లెక్కలు వద్దు. ఒక్క చైల్డ్ ఐడీ ఫిల్టర్ చేసి అయిదు రౌండ్ల (సర్వే చేసిన ఒక్కో విడత ఒక రౌండ్) అయిదు వరసలు స్క్రీన్ మీద పెట్టి, చిన్న బ్యాచ్ అయితే ఏడాది, 5, 8, 12, 15 ఏళ్ళ దగ్గర ఆ పిల్ల ఏమైందో చదివించండి. ఎత్తు తగ్గిందా? క్లాసు వెనక్కెళ్ళిందా? మధ్యలో ఒక రౌండ్ లేకపోతే ఎందుకు లేదు? అరగంట పడుతుంది, నాకైతే మొత్తం ట్రైనింగ్‌లో ముఖ్యమైన అరగంట ఇదే.

రెండో రోజు మెర్జ్, అంటే వేర్వేరు ఫైళ్ళని ఐడీ ప్రకారం కలపడం. ఎక్కువమంది పడే గొయ్యి ఇది, కుటుంబ సభ్యుల ఫైల్‌లో మనిషికో వరస ఉంటుంది, దాన్ని తిన్నగా పిల్లల ఫైల్‌తో కలిపేస్తే ఒక్క పిల్లాడు ఆరుగురైపోతాడు, శాంపిల్ పెరిగినందుకు సంతోషపడి ముందుకెళ్ళిపోతారు. అందుకే మెర్జ్‌కి ముందు, తర్వాత వరసలు లెక్కపెట్టి బోర్డు మీద రాయించండి. 77, 88, 99 లాంటి కోడ్‌లు "తెలీదు", "వర్తించదు" అని, నిజమైన సంఖ్యలు కావు, సగటు తీసే ముందే తీసెయ్యాలి. నాలుగో రౌండ్ 2013-14లో జరిగింది, రాష్ట్రం విడిపోయింది 2014 జూన్‌లో, అయిదో రౌండ్ నాటికి రెండు రాష్ట్రాలయ్యాయి, కాబట్టి పాత రౌండ్లతో పోల్చేటప్పుడు కోస్తా, రాయలసీమ, తెలంగాణ అనే రీజియన్ కోడ్‌తో వెళ్ళడమే మంచిది.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. ఈ శాంపిల్‌ని కావాలనే పేద ప్రాంతాల వైపు మొగ్గేలా తీసుకున్నారు, "రాష్ట్రంలో ఇంత శాతం పిల్లలు" అని రాస్తే తప్పు. దీని బలం అదే పిల్లాడిలో వచ్చిన మార్పు చూడగలగడం. 2002-03 కరువులో దెబ్బతిన్న ఇళ్ళ పిల్లలకి స్కూల్లో మధ్యాహ్న భోజనం ఆ నష్టాన్ని పూడ్చిందని ఈ డేటాతోనే తేల్చారు, పసితనంలో ఒకసారి, అయిదేళ్ళప్పుడు ఇంకోసారి కొలిచారు కాబట్టే అది కుదిరింది.

మన ఊళ్ళ డేటా కదా, "ఇది మా మండలమే అయ్యుంటుంది" అని వెతికేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వెంటనే ఆపండి. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళు, కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, పేరు బయటికి రాదన్న నమ్మకంతో వాళ్ళమ్మలు ఇంట్లో సంగతులు చెప్పారు.

చివరి పూట ఎవరి డూ ఫైల్ (స్టాటా సాఫ్ట్‌వేర్‌లో కమాండ్‌లు రాసుకునే ఫైల్) వాళ్ళు పక్కవాళ్ళకి ఇచ్చి, డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళ నుంచి మొదలుపెట్టి రన్ చేయించండి. నంబర్లు కలవకపోతే నేను టీ తర్వాత కూడా కూర్చోబెడతా, చాలాసార్లు తప్పు మెర్జ్ లైన్‌లోనే దొరుకుతుంది.