మామిడికాయలకు వేడినీటి శుద్ధి: వానలకు ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

కోత సమయంలో ఈదురుగాలితో ఒక వాన కురిస్తే, గోదావరి డెల్టా తోటల్లో నిగనిగలాడే మామిడికాయ కూడా మాగేసరికి నల్లమచ్చలు తేలి కుళ్లిపోవచ్చు. ఎండుపుల్లల మీదా పాత పూగుత్తుల మీదా ఉండే మచ్చతెగులు శిలీంద్రం వాన చినుకులతో జారి పచ్చికాయ తోలులో చేరుతుంది, కాయ పండేదాకా పైకి కనిపించదు. కోసిన వెంటనే, మచ్చలు తేలకముందే, కాయలను 52 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే ఈ తెగులు చాలావరకు అణుగుతుంది.

అయితే శిలీంద్రాన్ని చంపే వేడికీ కాయను ఉడికించే వేడికీ మధ్య తేడా కొద్ది డిగ్రీలే. చేయి పెట్టి చూసే అంచనా ఇక్కడ ఎంతమాత్రం పనికిరాదు, థర్మామీటరు ఉండి తీరాలి. కాయలు దించగానే నీటి వేడి పడిపోతుంది కాబట్టి పెద్ద పాత్రలో కొద్ది కాయలే వేసి, నీటిని నెమ్మదిగా కలుపుతూ, పైనా అడుగునా కూడా కొలవాలి. వేడి మరీ తగ్గిపోతే ఒక్క విడతకు వేసిన కాయలు ఎక్కువయ్యాయని గ్రహించాలి. కొత్తపల్లి కొబ్బరి మామిడికి సరిపోయిన సమయం చెరకురసం మామిడికీ సరిపోతుందని అనుకోకుండా, ప్రతి రకంలోనూ ముందు కొన్ని కాయలను ముంచి, మాగనిచ్చి చూడడం మంచిది.

విద్యుత్ హీటరుతో నీరు కాచేవారు ప్లగ్గు తీసిన తర్వాతే నీటిలో చేయి పెట్టాలి. ఈ విషయంలో తొందర ప్రాణాంతకం.

తొడిమ పక్కన భుజాలు నిండి, నీటిలో మునిగే కాయలనే ఎంచుకోవాలి, ఎందుకంటే లేతకాయ వేడికి తట్టుకోలేక తోలు కమిలిపోతుంది. చిక్కంతో, కొద్దిపాటి తొడిమతో కోసి, నీడలో సొన కారనిచ్చి, కడిగిన తర్వాతే ముంచాలి. నేలరాలినవీ దెబ్బతిన్నవీ వేరు చేయాలి, వేడినీరు వాటిని బాగుచేయలేదు.

ముంచి తీసిన కాయలను చల్లార్చడానికి కాలువ నీరు వాడితే పోయిన శిలీంద్రాలు మళ్లీ అంటుకుంటాయి. శుభ్రమైన నీరే వాడి, నీడలో తడి పూర్తిగా ఆరనిచ్చాక మాత్రమే పొడి వరిగడ్డిలో మాగవేయాలి. ఇంత శ్రమపడ్డాక నిషేధించిన కార్బైడు జోలికి పోవడం అన్యాయం. పండుఈగను చంపడానికి 48 డిగ్రీల వద్ద గంటసేపు చేసే శుద్ధి వేరు, అది ఎగుమతి కోసం అనుమతి పొందిన ప్యాకింగ్ కేంద్రాల్లో జరగవలసినదే కాని తోటలో ప్రయత్నించదగినది కాదు.