ఒడియా చదివే మన పిల్లలకు తెలుగు పాటల కాగితం

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు మన చర్చి సంఘాల పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. మిషన్ స్కూల్లో యూత్ టీమ్ ప్రార్థన కూటం పెడితే పాటల పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడతారు. పాపం, పాట వచ్చు, అక్షరం రాదు.

సంఘం ఈ సాయం చేయొచ్చు. నెలకు నాలుగు పాటలు, రెండు బైబిల్ వాక్యాలు తెలుగు మాటల్లోనే, ఒడియా అక్షరాలతో ఎ4 కాగితానికి రెండువైపులా రాయించండి. రెండు లిపులూ వచ్చిన అక్కలు, అన్నలు మీ సంఘంలోనే ఉంటారు. ఒడియాలో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ అంతే. అందుకని దీర్ఘం ఉన్నచోట కింద గీత పెట్టించండి. జెరాక్సుకు ముందు ఒక పిల్లాడితో పైకి చదివిస్తే తప్పులు అక్కడే దొరుకుతాయి. ఖర్చు నెలకో కుటుంబం పెట్టుకుంటే టీమ్‌కు టెన్షన్ ఉండదు.

ప్రభుత్వ బడిలో మాత్రం ఇలా ప్రార్థన కూటం పెట్టడం కుదరదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఎయిడెడ్ స్కూల్లోనైనా తల్లిదండ్రుల అనుమతి కావాలి, రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ప్రభుత్వ బడి పిల్లలకు ఆ కాగితం సండే స్కూల్లో ఇవ్వండి.