లూత్రో వెళ్తున్నారా? ముందు తిరుగు పడవ సంగతి తేల్చుకోండి

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపానికి దక్షిణం వైపున, కొండకీ లిబియా సముద్రానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్న చిన్న ఊరు లూత్రో. రోడ్డు లేదు. ఎప్పటికీ రాకూడదనే నా కోరిక. పడవలో వెళ్లాలి, లేదా కాళ్లకు పనిచెప్పాలి. తెల్ల గోడలు, నీలం తలుపులు, నీళ్లంచున బల్లలు వేసుకున్న కాసిని టవెర్నాలు (అక్కడి భోజనశాలలు), కొండ మీంచి వినపడే మేకల గంటలు. ఊరంటే అంతే. నేను ఏడుసార్లు వెళ్లాను. నా మాట మీద వెళ్లినవాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్లలో సగం మంది ఒకే తప్పు చేసి, ఇంటికొచ్చాక ఆ కోపం నామీద చూపించారు. విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇక ఎవరడిగినా ఇదే పంపుతాను.

ఎప్పుడు, ఎన్ని రోజులు

జూన్ మొదటి సగం, లేదంటే సెప్టెంబరు. మే నెలలో ఎండ బాగానే ఉంటుంది గానీ నీళ్లలో దిగితే పళ్లు టకటకలాడతాయి. సెప్టెంబరుకల్లా సముద్రం వేసవంతా కాగి గోరువెచ్చగా ఉంటుంది. ఆగస్టు అసలు వద్దు. ఆ నెల 15న మేరీమాత పండుగ, దేశం దేశమంతా సెలవు పెట్టి ద్వీపాల మీద పడుతుంది. చలికాలంలో ఊరు దాదాపు మూతపడుతుంది.

ఐదు రాత్రులకు తక్కువైతే వెళ్లకండి. మొదటి రోజు అలసటకు పోతుంది, రెండో రోజు ఫోన్ చూడటం మానడానికి పోతుంది, మూడో రోజు నుంచే మీరు ఆ ఊళ్లో ఉన్నట్టు లెక్క. పది రోజుల్లో నాలుగు ద్వీపాలు చుట్టే పట్టికలు పంపి "ఎలా ఉందన్నా?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మీరు చూడబోయేది ద్వీపాలు కాదు, రేవుల్లో క్యూలు. శాంతోరిని ద్వీపం అందం మీద నాకు అనుమానం లేదు. అక్కడ సూర్యాస్తమయం చూడాలంటే ముందు మనుషుల తలలు చూడాలి, అదీ నా బాధ.

టికెట్లు, వీసా, గది

ఇవి తేలిక పనులు, గబగబా చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఏథెన్స్, అక్కడి నుంచి గంటలోపు విమానంలో హన్యా. దాన్ని చానియా అని పలికితే అక్కడెవరికీ అర్థం కాదు. విమానం వద్దనుకుంటే ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి హన్యా దగ్గరి సూదా రేవులో దింపుతుంది. హన్యా నుంచి దక్షిణ తీరంలోని రేవు ఊరు హోరా స్ఫాకియోన్‌కు బస్సు, సుమారు 70 కిలోమీటర్లు, రెండు గంటలకు కాస్త తక్కువ. కొండ దిగేటప్పుడు మలుపులు ఎక్కువ, వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. అక్కడి నుంచి లూత్రోకు పడవలో ఇరవై నిమిషాలు. కుడివైపు కూర్చుంటే దారి పొడుగునా కొండ చరియ కనిపిస్తుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నా, లండన్‌లో ఉద్యోగం చేస్తున్నా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, చివరి గడువు 15 రోజుల ముందు. ఆ చివరి గడువును నమ్ముకుంటే మునిగినట్టే, వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

గది వెనక వరసలో తీసుకోండి. నీళ్లంచున ఉన్న గదుల ఫొటోలు చూసి అందరూ మోజుపడతారు, తర్వాత కిందనున్న టవెర్నాలో అర్ధరాత్రి దాకా కుర్చీల చప్పుడు వింటూ పడుకుంటారు. వెనక వరసకు మెట్లెక్కాలి, ఎక్కండి. చక్రాల పెట్టె మాత్రం తేవద్దు. భుజాన వేసుకునే సంచే తేవాలి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

తిరుగు ప్రయాణం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

మనవాళ్లు లెక్క ముందు నుంచి వేస్తారు. ఫలానా రోజు దిగుతాం, ఫలానా రోజు ఊరు చేరతాం, ఐదు రాత్రులుంటాం, ఆరో రోజు పొద్దున్నే పడవెక్కి, బస్సెక్కి, మధ్యాహ్నం హన్యాలో విమానం, రాత్రికి ఏథెన్స్‌లో ఇంటి విమానం. కాగితం మీద చక్కగా కుదురుతుంది. గాలికి ఆ కాగితం చదవడం రాదు.

లూత్రో వెనక ఉన్నవి తెల్లకొండలు. వాటిలో ఎత్తైన శిఖరం 2,453 మీటర్లు. ఉత్తరపు గాలి ఆ కొండలెక్కి, ఇటువైపు లోయల్లోంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. మబ్బు ఉండదు, వాన ఉండదు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. పైగా లూత్రో రేవు కొండ చాటున ఉంది కాబట్టి మీ కిటికీ కింద నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. "ఇంత ప్రశాంతంగా ఉంటే పడవ ఎందుకు రాదు?" అని మీరే వాదిస్తారు. భూశిరం దాటాక సముద్రం ఎలా ఉందో మీకు కనపడదు కదా. అక్కడ గాలి నీటిని చీపురుతో ఊడ్చినట్టు తెల్లగా లేపుతూ ఉంటుంది.

గాలి హద్దు దాటితే రేవు అధికారులు పడవలు ఆపేస్తారు. ఆ నిషేధాన్ని అక్కడివాళ్లు అపగొరెఫ్తికో అంటారు. నోరు తిరక్కపోయినా ఈ మాట నేర్చుకోండి. గాలిని వాళ్లు కిలోమీటర్లలో చెప్పరు, బోఫోర్లలో చెప్తారు. టవెర్నాలో పక్క బల్ల వాళ్లు "బోఫోర్" అన్న మాట రెండుమూడు సార్లు అన్నారంటే చెవులు నిక్కబొడుచుకోండి.

ఇది కొత్త సంగతేం కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవాళ్లకు ఫీనిక్సు రేవు గుర్తుండాలి. తెలుగు బైబిల్లో క్రేతు అని ఉన్నది ఈ ద్వీపమే, ఫీనిక్సు అన్నది లూత్రో దగ్గరి పాత రేవే. చలికాలం అక్కడ తలదాచుకుందామని పౌలు ఉన్న ఓడ బయల్దేరింది. మెల్లని దక్షిణపు గాలి చూసి ఇంకేం, మన పని అయినట్టే అనుకున్నారు. అంతలో ద్వీపం మీదినుంచి పెనుగాలి దిగి ఓడను నడిసముద్రంలోకి ఈడ్చుకుపోయింది, చివరికి మాల్టా దగ్గర బద్దలైంది. పొద్దున కిటికీ తెరిచి నీళ్లు చూసి సంబరపడే మనకూ ఆ ఓడవాళ్లకూ తేడా లేదు.

నా రెండో ప్రయాణంలో నాకు జరిగింది కూడా చెప్తాను. శనివారం పొద్దున సంచులు సర్దుకుని ఆరున్నరకే రేవు గట్టు మీద నిలబడ్డాను. మా గదుల యజమానురాలు మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది. ఒక దుప్పటి తాడు మీద వేసింది, అది అడ్డంగా లేచి నిలబడింది. ఆవిడ దుప్పటి వంక కాకుండా కొండ వంక చూసి, నా వంక తిరిగి ఒకే మాట అంది: "ఆవ్రియో." రేపు అని అర్థం. నేను నవ్వి చెయ్యూపాను. ఎనిమిదయింది, తొమ్మిదయింది. టవెర్నా కుర్రాడు వచ్చి ముందు వరస కుర్చీలు ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టాడు. పడవ రాలేదు. హన్యా టికెట్ పోయింది, ఏథెన్స్ టికెట్ పోయింది. కొత్త టికెట్లకు కట్టిన డబ్బుతో ఇంకోసారి సెలవుకు వెళ్లి రావచ్చు. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

అందుకే లెక్క వెనక నుంచి వేయాలి. ఏథెన్స్‌లో మీ ఇంటి విమానం ఆదివారం సాయంత్రం అనుకోండి. లూత్రో వదలాల్సింది శుక్రవారం పొద్దుటి పడవకే. శుక్రవారం రాత్రి హన్యాలో పడుకోవాలి. హన్యా నుంచి ఏథెన్స్ విమానం శనివారం సాయంత్రానికి తీసుకోవాలి. శుక్రవారం పడవ లేకపోతే శనివారం పొద్దున ఒక అవకాశం ఉంటుంది. ఆ ఖాళీ రోజును ముట్టుకోవద్దు. "ఇంకొక్క రాత్రి ఇక్కడే ఉందామండీ, ఎంత బావుందో" అని ఇంట్లోవాళ్లు అంటారు. ప్రతిసారీ అంటారు. వినకండి.

ఒక రోజు దండగ కదా అంటారా? హన్యా పాత రేవు ముందు కూర్చుని, వెనీసువాళ్లు కట్టిన గోడలూ చివర దీపస్తంభమూ చూస్తూ కాఫీ తాగే రోజును దండగ అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

పడవ ఆగితే చిన్న పడవ మాట్లాడుకుంటామని కొందరు ధీమాగా ఉంటారు. పెద్ద పడవనే ఆపిన గాలికి చిన్నది కదులుతుందా? ఇంకొందరు సూదా నుంచి రాత్రి ఓడ ఉందిగా అంటారు. గాలి మరీ ముదిరితే దాన్నీ ఆపుతారు. మిగిలింది నడక. హోరా స్ఫాకియోన్‌కు తీరం వెంబడి కాలిబాట ఉంది, రెండు, రెండున్నర గంటలు. సంచి భుజాన ఉంటేనే సాధ్యం, చక్రాల పెట్టె వద్దన్నది ఇందుకే. అయితే ఆ బాట ఒకచోట కొండ చరియను కోసి వేసినట్టు సన్నగా ఉంటుంది, పక్కన లోయ. గాలి రివ్వున కొడుతున్నప్పుడు అటు వెళ్లొద్దు. పిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అసలు వద్దు. గాలి తగ్గి పడవలు ఇంకా మొదలవని పూట మాత్రమే అది పనికొస్తుంది.

ముందు రోజు సాయంత్రమే వాకబు చేయండి. ఫోన్లో వాతావరణం చూడటం కాదు, గది యజమానిని అడగండి. "రేపు పడవ ఉందా?" అంటే ఉందనే చెప్తారు, రాసి ఉన్నది ఉంది కదా. "మీరైతే రేపటి దాకా ఆగుతారా, ఈ సాయంత్రమే వెళ్లిపోతారా?" అని అడగండి. జవాబు వేరేగా వస్తుంది. సాయంత్రమే వెళ్లమంటే భోజనం సంగతి మరిచి వెళ్లిపోండి. దగ్గర్లోని సమారియా లోయ నడిచి దిగినవాళ్లను తీసుకొచ్చే సాయంత్రం పడవ కోసం వేసవిలో అవతల హోరా స్ఫాకియోన్‌లో హన్యా బస్సులు కాచుకుని ఉంటాయి.

ఇదే లెక్క వీసాకూ వర్తిస్తుంది. స్టిక్కర్ మీద ఎన్ని రోజులు ఉండొచ్చో ఒక అంకె ఉంటుంది. దరఖాస్తులోనే రెండు రోజులు కలిపి అడగండి. బీమా కూడా ఆ రెండు రోజులు కలిపే తీసుకోండి. గాలి ఆపిందని సరిహద్దు అధికారికి కథ చెప్పుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

సంచిలో ఏముండాలి

నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు, టోపీ, రెండు జతల బట్టలు. తీరంలో ఉన్నది ఇసుక కాదు, గులకరాళ్లు. నగదు హన్యాలోనే తీసుకోండి, ఈ ఊళ్లో బ్యాంకు లేదు. ఆవకాయ తేవచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, పాల సరుకూ మాంసమూ బయటి నుంచి యూరప్‌లోకి రానివ్వరు.

తిండి

శాకాహారులు భయపడక్కర్లేదు. ఫావా అడగండి, అచ్చం మన ముద్దపప్పు, పైన నెయ్యికి బదులు ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ. ఆవకాయ అక్కరకొచ్చేది అప్పుడే. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, నిమ్మకాయ పిండుకుని తింటారు. యెమిస్తా అంటే టమాటాలో, మిరపలో అన్నం కూరి వండేది. కొన్నిచోట్ల అందులో కీమా కలుపుతారు, అడిగి తినండి. "నిస్తీసిమో" అనే మాట పనికొస్తుంది. వాళ్ల ఉపవాసపు వంట అన్నమాట, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేపలు తప్ప ఇతర సముద్రపు జీవాలు మాత్రం ఉండొచ్చు, రొయ్య కూడా వద్దనుకుంటే ఆ ముక్కా చెప్పండి. స్ఫాకియా పీత తినకుండా రావద్దు. పేరు చూసి కంగారుపడకండి, మన పీత కాదు, మిజిత్ర జున్ను లోపల పెట్టి పల్చగా కాల్చి తేనె పోసిచ్చే రొట్టె. భోజనం చివర్లో అడక్కుండానే రకీ అనే ఘాటు సారా తెచ్చి పెడతారు. తాగనివాళ్లు గ్లాసు ఎత్తి పెదాలకు ఆనించి దించితే చాలు.

అక్కడ ఏం చేయాలి

ఏమీ చేయకపోవడమే నా పద్ధతి. కాళ్లు ఊరుకోకపోతే ఒక పొద్దున ఆరింటికే లేచి పైనున్న అనోపోలికి ఎక్కండి, ఆరువందల మీటర్ల ఎత్తు, పాము మెలికల బాట. ఎండెక్కాక బయల్దేరితే సగంలో కూలబడతారు. ఆ ఊరివాడే దస్కలొయానిస్, 1770లో తుర్కులమీద తిరగబడి మరుసటి ఏడు ప్రాణం పోగొట్టుకున్నాడు. హన్యాలో మీరు దిగిన విమానాశ్రయానికి ఆయన పేరే.

రెండో పొద్దున తీపినీళ్ల తీరానికి వెళ్లండి, గ్లికా నెరా అంటారు. తూర్పు వైపు గంట నడక, లేదా పడవ. అలలకు పది అడుగుల దూరంలో గులకరాళ్లు పక్కకు తోసి మోచేతి లోతు గుంట తవ్వండి. మొదట బురదనీళ్లు వస్తాయి, ఆగండి. మట్టి అడుక్కి దిగాక మన ఏటిగడ్డ చెలమలో ఊరినట్టే మంచినీళ్లు ఊరతాయి. కొండలోంచి రాళ్ల కిందుగా వస్తున్న నీళ్లవి, సముద్రం పక్కనే ఉన్నా ఉప్పదనం ఉండదు, వేళ్లు జివ్వుమనేంత చల్లన. కాసేపు చేయి అందులోనే ఉంచండి. తిరుగు పడవ ఎన్నింటికో మాత్రం ముందే కనుక్కోండి.