కార్సికాలో జీఆర్ 20 ట్రెక్: రాత్రి బసలు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఫ్రాన్స్‌కు చెందిన కార్సికా ద్వీపంలో కొండల మీదుగా సాగే జీఆర్ 20 అనే దారిలో నడవాలనుకునేవాళ్ళు బూట్ల గురించీ బ్యాగ్ బరువు గురించీ నెలల తరబడి ఆలోచిస్తారు. నన్నడిగితే మాత్రం ముందు తేల్చుకోవాల్సింది రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారన్నదే. జీఆర్ 20 ఉత్తరాన కలెంజానా నుంచి దక్షిణాన కోంకా దాకా దాదాపు 180 కిలోమీటర్ల దారి. మొత్తం ఎక్కాల్సిన ఎత్తు పదివేల మీటర్లు దాటుతుంది. ఈ దారి సాగే కార్సికా ప్రాంతీయ ప్రకృతి పార్కు పరిధిలో నచ్చినచోట టెంట్ వేసుకోవడం నిషేధం, మంట పెట్టడం కూడా అంతే. అంటే అలసిపోయినచోట ఆగుదాంలే అనుకుంటే కుదరదు, బస ఉన్నచోటికి చేరాల్సిందే.

ముందుగా ఒక కాగితం మీద ఆగే చోట్లు వరుసగా రాసుకోండి. సాధారణంగా ఈ దారిని 15 లేదా 16 రోజుల నడకగా విడగొడతారు, దాదాపు ప్రతి రోజు చివరా పార్కు నడిపే ఒక రెఫ్యూజ్ ఉంటుంది. రెఫ్యూజ్ అంటే కొండమీది చిన్న రాతి ఇల్లు, లోపల అందరికీ కలిపి పడకలు, బయట టెంట్లకు స్థలం. రాసుకున్నాక రోడ్డు తగిలే చోట్లకు గుర్తు పెట్టుకోండి: ఆస్కో, వెర్జియో, విజ్జవోనా, వెర్దే కనుమ, బవెల్లా. ఇక్కడ ప్రైవేటు బసలు దొరుకుతాయి, వేడినీళ్ళ స్నానం చేసి మంచం మీద పడుకోవచ్చు, ఒంట్లో బాగోకపోతే కిందికి దిగిపోవచ్చు కూడా. విజ్జవోనాలో అయితే అజాక్సియో, బస్తియా వైపు వెళ్ళే రైలు ఆగుతుంది. సెలవు తక్కువ ఉన్నవాళ్ళు అక్కడిదాకా సగం నడిచి ఆపేయడం మంచి పద్ధతే.

తర్వాత తేదీలు. రెఫ్యూజ్‌లలో కాపలాదార్లుండేది వేసవి సీజన్‌లోనే. జులై, ఆగస్టులలో విపరీతమైన రద్దీ, కాబట్టి జూన్ చివర గానీ సెప్టెంబర్ మొదట్లో గానీ పెట్టుకోండి. జూన్ మొదట్లో పైన మంచు మిగిలి ఉండొచ్చు. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రాత్రికి ఏ రెఫ్యూజ్ అన్నది విడివిడిగా బుక్ చేసుకోవాలి, ఇది నెలల ముందే చేయండి. షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) అవసరమైనవాళ్ళు దరఖాస్తులో బస రుజువులు చూపించాలి, ఈ కన్ఫర్మేషన్లన్నీ ఒకచోట దాచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

లోపల పడక తీసుకోవాలా, టెంటా? నా ఓటు టెంట్‌కే. లోపల వానకు తడవం, నిజమే, కానీ గురకలూ తడి సాక్సుల వాసనా ఒక ఎత్తు, నల్లులు ఇంకో ఎత్తు. ఈ దారిలో నల్లుల బెడద చాలామందికి తెలిసిందే. లోపల పడుకోక తప్పకపోతే బ్యాగ్‌ను పరుపు మీద పెట్టకముందే టార్చ్ వేసి పరుపు కుట్ల వెంబడి, మూలల్లో చూడండి, నల్లటి చిన్న చుక్కలు కనబడితే ఇంకో పడక అడగండి. సొంత టెంట్ మోయలేనివాళ్ళకు రెఫ్యూజ్ దగ్గరే వేసి ఉంచిన టెంట్లు అద్దెకిస్తారు, వాటినీ ముందే బుక్ చేసుకోవాలి. ఎందులో పడుకున్నా స్లీపింగ్ బ్యాగ్ మాత్రం మీదే, దుప్పట్లు ఇస్తారని నమ్ముకోకండి.

టెంట్ వేసేటప్పుడు చెట్ల కింద నీడ చూసి మురిసిపోవద్దు. 2022 ఆగస్టు 18న వచ్చిన తుఫానుకు గంటకు 220 కిలోమీటర్లు దాటిన గాలులు వీచి ఆ ద్వీపంలో ఐదుగురు చనిపోయారు, కొందరి మీద చెట్లే కూలాయి. ఎండిన కొమ్మలున్న పెద్ద చెట్టుకు దూరంగా ఉండండి. వేసవిలో మధ్యాహ్నాలు ఉరుములతో వానలు మామూలే కాబట్టి తెల్లవారకముందే బయల్దేరి మధ్యాహ్నానికల్లా బస చేరేలా రోజు ప్లాన్ చేసుకోండి.

రెండు రాత్రుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది, నడక మొదలయ్యే ముందురాత్రి కలెంజానాలోనే పడుకోవడం. తొలి రోజే దాదాపు 1300 మీటర్ల ఎక్కుడు, ఎండెక్కాక మొదలుపెడితే నరకమే. రెండోది ఆస్కో. 2015లో కొండచరియలు పడి ఏడుగురు చనిపోయాక పాత దారిని పక్కనపెట్టి, ఇప్పుడు మోంటే చింతో శిఖరం పక్కగా 2600 మీటర్ల ఎత్తు దాటిస్తున్నారు. ఆ రోజు చాలా పొడవైనది, వాతావరణం తేడాగా ఉంటే వెళ్ళకూడదు, అందుకే ఆస్కో దగ్గర ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

యూరోలు నగదుగా కొంచెం ఎక్కువే ఉంచుకోండి, కొండమీద కార్డు పనిచేస్తుందనే గ్యారంటీ లేదు, ఏటీఎంలు అసలే ఉండవు. రాత్రి భోజనం కావాలంటే రెఫ్యూజ్ చేరగానే కాపలాదారుకు చెప్పండి, ఆలస్యమైతే మిగలకపోవచ్చు. చివరగా, కోంకాలో నడక ముగిసిన రోజే ఫెర్రీ గానీ విమానం గానీ బుక్ చేయకండి, ఆ రాత్రికి కూడా బస చూసుకుని మర్నాడు బయల్దేరండి.