కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీకి దరఖాస్తు పెట్టే ముందు

ఇవి ఎక్కువగా రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలు, సీటు గురించి టెన్షన్ వద్దు. హైస్కూల్ పూర్తయినా, 18 ఏళ్లు నిండినా చేర్చుకుంటారు. చిక్కంతా ఫీజు దగ్గరే. రాష్ట్ర నివాసికి యూనిట్‌కు (కోర్సు ఎంత పెద్దదో లెక్కించే కొలత) 46 డాలర్లు, నివాసి కాకపోతే వందల్లో.

• ముందు తేదీ లెక్కేసుకోండి. తరగతులు మొదలయ్యే ముందు రోజు నాటికి రాష్ట్రంలో ఏడాది మీద ఒక రోజు ఉండి ఉండాలి. అద్దె ఇంట్లో ఉన్నామంటే చాలదు, ఇక్కడే స్థిరపడే ఉద్దేశమూ కాగితాల్లో కనిపించాలి: రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్స్, బండి రిజిస్ట్రేషన్. ఇల్లు మారినా పాత రాష్ట్రం లైసెన్సే జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు మనలో తక్కువేం కాదు!

• వీసా చూసుకోండి. ఉద్యోగ వీసా హెచ్‌1బీ వాళ్లు, వారి మీద ఆధారపడిన హెచ్‌4 వాళ్లు నివాసం చూపించుకోవచ్చు. విద్యార్థి వీసా ఎఫ్‌1కి ఆ వీలు లేదు, ఎన్నేళ్లున్నా సరే. 21 నిండి హెచ్‌4 నుంచి ఎఫ్‌1కి మారబోయే పిల్లలుంటే ఫీజు సంగతి కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో ముందే అడగండి.

• 18 నిండని, పెళ్లికాని పిల్లలకు మామూలుగా తల్లిదండ్రుల నివాసమే లెక్క. కాగితాలు మీవే పట్టుకెళ్లాలి.

• దరఖాస్తులో రాసిన తేదీలు, కాగితాల్లోని తేదీలు ఒకేలా ఉన్నాయో లేదో ఒకసారి సరిచూడండి.