బండల నేల నుంచి చెక్క నేలకు: అమెరికాలో ఇల్లు కొన్న మన నల్గొండ, పాలమూరు వాళ్లకు

మన దగ్గర మొరం నింపి, దిమ్మిస కొట్టి, తాండూరు బండలు పరిస్తే నేల తయారైనట్టే. ఇక్కడ చాలా ఇళ్లలో నేల కింద మట్టి ఉండదు. పాలమూరు పాత మిద్దెలు గుర్తు చేసుకోండి. దంతెలు వరుసగా పేర్చి, వాటి మీద చెక్కలు పరిచేవాళ్లు కదా, ఇదీ అంతే. ఆ దంతెల్లాంటివే జాయిస్టులు. వాటి మీద పరిచే ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీని (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసే షీటు) సబ్‌ఫ్లోర్ అంటారు. మీరు చూసే అందమైన ఫ్లోరింగ్ దాని పైన ఉంటుంది.

మేం కొన్న ఇంట్లో సబ్‌ఫ్లోర్‌కు ఒట్టి మేకులే కొట్టారు. రాత్రి ఎవరు లేచి నడిచినా కిర్రుకిర్రు. పైన కొత్త ఫ్లోరింగ్ వేస్తే ఆ చప్పుడు పోదు. మేం జాయిస్టులు కనబడేదాకా విప్పి సబ్‌ఫ్లోర్ కొత్తగా వేశాం. మీరూ వేయాలనుకుంటే ఇవి చూసుకోండి.

1980కి ముందు కట్టిన ఇల్లయితే పాత వినైల్ పలకల్లో, వాటి జిగురులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా పీకకండి. పర్మిట్ కావాలేమో ఊరి బిల్డింగ్ ఆఫీసులో అడగండి. మేడ మీది గదిలో అయితే జాయిస్టు మీదే కాలు పెట్టండి. మధ్యలో ఉండేది కింది గది సీలింగ్ జిప్సం బోర్డే, మనిషి బరువు ఆగదు. పిల్లల్ని అటు రానివ్వకండి.

జాయిస్టులు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. 8 అడుగులంటే 96 అంగుళాలు, సరిగ్గా ఆరు పదహార్లు. అందుకే జాయిస్టులకు అడ్డంగా పరిస్తే షీటు చివర జాయిస్టు నడుమకు వస్తుంది. ముప్పావు అంగుళం మందం, ఒక అంచున పొడుచుకొచ్చిన నాలుక, ఎదుటి అంచున అది దూరే గాడి ఉన్నవి (టంగ్ అండ్ గ్రూవ్) తీసుకోండి. నాలుక అంచు గోడ వైపు పెట్టండి. తర్వాతి షీటు నాలుక ఈ గాడిలో కూర్చోవాలి. సుత్తి నేరుగా తగలకుండా చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి. రెండో వరుసను సగం షీటుతో మొదలుపెడితే అతుకులు ఒకే గీతలో పడవు.

కిర్రుమనకుండా ఆపేది ముఖ్యంగా జిగురు. ఒక్కో షీటుకు సరిపడా మాత్రమే జాయిస్టుల మీద పెట్టండి, పొర కట్టాక పట్టదు. వెంటనే స్క్రూలు బిగించండి, అంచుల్లో 6 అంగుళాలకు ఒకటి, మధ్యలో 12కి ఒకటి. అతుకుల దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదలండి. తేమకు చెక్క ఉబ్బుతుంది.

షీటు బరువు, ఒక్కరితో కాదు. తెలిసినవాళ్లను ఒకరిని తోడు పిలుచుకోండి.

ఊరి నుంచి అమ్మ వస్తే మాత్రం ముందే చెప్పండి, బండలు కడిగినట్టు ఇక్కడ బకెట్ నీళ్లు పోయకూడదని. పిండిన తడిబట్టతో తుడిస్తే చాలు.