ఇంటి గోడకు టైల్స్, ప్లాంకులు – 3వ పాఠం: గమ్ కలపకముందు గీతలు

కిందటి పాఠంలో గోడను సిద్ధం చేశాం. పెచ్చులూడే పెయింట్ గీకేశాం, గుంతలు పూడ్చాం, ప్రైమర్ కొట్టాం. ఇక టైల్ అతికించేద్దామని చేతులు ఉబలాటపడుతుంటాయి. ఆగండి, ఈ పాఠమంతా పెన్సిల్ పనే. గదిలోకి వచ్చినవాళ్ల కంటికి గమ్ కనిపించదు, కోసిన ముక్కలు ఎక్కడ పడ్డాయో కనిపిస్తుంది. మూలన రెండు వేళ్ల వెడల్పు ముక్క పడితే ఎంత ఖరీదైన టైలయినా అతుకుల పనిలా ఉంటుంది. ఆ ముక్కలు ఎక్కడ పడాలో ఇప్పుడే తేల్చుకుందాం.

టేపు, పెన్సిల్, రసమట్టం, గుండు కట్టిన దారం, వంకర లేని చెక్క బద్దలు రెండు దగ్గర పెట్టుకోండి. రసమట్టం కొత్తదైనా ఒకసారి పరీక్షించాలి. గోడకు ఆనించి, బుడగ సరిగ్గా మధ్యకు వచ్చాక దాని అంచున గీత గీయండి. ఎడమ కొస కుడివైపుకు వచ్చేలా తిప్పి మళ్లీ అదే గీత మీద పెట్టండి. బుడగ మధ్యలోనే ఉంటే సరే. పక్కకు జరిగితే ఆ మట్టాన్ని పక్కన పెట్టేయండి, దానితో గీసిన ప్రతి గీతా వంకరే అవుతుంది.

మట్టాన్ని ఇంతగా పరీక్షించడం ఎందుకంటే, గదిలో నమ్మదగ్గ గీత ఇంకోటి ఉండదు. నేల ఒక పక్కకు వాలి ఉంటుంది, సీలింగ్ ఇంకో పక్కకు. మూలలు నిటారుగా ఉన్నట్టే కనిపిస్తాయి గానీ గుండు దారం వేలాడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది.

వెడల్పు లెక్క

గోడ వెడల్పు కొలిచి సగానికి గుర్తు పెట్టండి. గుండు దారం సాయంతో అక్కడ నిలువు గీత గీయండి. ఇప్పుడు ఒక బద్ద మీద టైల్ వెడల్పు, సందు, మళ్లీ టైల్, మళ్లీ సందు వరసగా గుర్తులు పెట్టుకోండి. ఈ కొలబద్ద చేతిలో ఉంటే టైల్స్ మోసుకొచ్చి పేర్చి చూసుకోవాల్సిన పని ఉండదు.

మధ్య గీత దగ్గర మనకు రెండే దారులు. గీత మీద సందు పడాలి, లేదా టైల్ నడిమి భాగం పడాలి. ఉదాహరణకు గోడ 283 సెం.మీ., టైల్ 30 సెం.మీ., సందు 2 మి.మీ. అనుకుందాం. టైల్ నడిమిని గీత మీద పెడితే 9 నిండు టైల్స్ పడతాయి, రెండు చివర్లా 5.5 సెం.మీ. ముక్కలు మిగులుతాయి. అవే ఇందాక చెప్పిన అతుకులు. సందును గీత మీద పెడితే 8 నిండు టైల్స్, రెండు చివర్లా 20.6 సెం.మీ. ముక్కలు. టైల్ ఒక్కటి తగ్గింది, గోడకు నిండుతనం వచ్చింది. ముక్క సగం టైల్ కంటే పెద్దదిగా ఉండేలా చూసుకోండి.

గోడ మధ్యలో కాకుండా పక్కకు పెద్ద కిటికీ ఉంటే? నేనైతే కిటికీ నడిమినే మధ్యగా తీసుకుంటాను, ఎందుకంటే చూపు ముందు అక్కడికే వెళ్తుంది. స్విచ్ బోర్డుల దగ్గర కూడా కొలబద్ద పెట్టి చూడండి. బోర్డు అంచుకూ టైల్ అంచుకూ మధ్య సన్నని పట్టీ మిగిలితే అది కోసేటప్పుడే విరుగుతుంది. లెక్కను అటో ఇటో కాస్త జరపండి.

మొదటి వరస నేల మీద కాదు

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నేల మీద నుంచే టైల్ పేర్చుకుంటూ పోతే నేల వాలు మొత్తం గోడ మీదికి ఎక్కుతుంది. అందుకే రెండో వరసతో మొదలుపెడతాం. గోడ పొడవునా నేలలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు వెతకండి. టైల్ ఎత్తు 60 సెం.మీ. అయితే అక్కడి నుంచి 57 సెం.మీ. పైకి గుర్తు పెట్టి, ఆ గుర్తు నుంచి రసమట్టంతో అడ్డంగా గీత లాగండి. ఆ గీతకు పైఅంచు సరిపోయేలా రెండో బద్దను స్క్రూలతో బిగించండి. టైల్ బరువంతా దాని మీద ఆగుతుంది, గమ్ గట్టిపడేలోపు వరస కిందికి జారదు. గమ్ పట్టేశాక బద్ద తీసి, కింది వరసను నేల వాలుకు తగ్గట్టు కోసి పెట్టుకుంటాం.

60 కాకుండా 57 ఎందుకంటే, చేతి కట్టర్‌తో (టైల్ మీద గీత పెట్టి, ఆ గీత వెంట విరిచే పనిముట్టు) టైల్ అంచున రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే కోయబోతే అది గీత వెంట విరగదు, పెచ్చులుగా ఊడుతుంది. మూడు సెంటీమీటర్లు తీసేసేలా ఉంటే శుభ్రంగా విరుగుతుంది. కొలత పల్లం నుంచే తీసుకోండి. ఎత్తుగా ఉన్న చోటు నుంచి తీసుకుంటే, నేల వాలు ఎక్కువైనప్పుడు పల్లంలో నిండు టైల్ కూడా నేలను అందుకోదు.

ప్లాంకుల సంగతి

చెక్క, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసినది) ప్లాంకులను, అంటే పొడవాటి పలకలను, బిగించే గదిలోనే కనీసం 48 గంటలు ఉంచండి. గాలిలో తేమను బట్టి అవి ఉబ్బుతాయి, తగ్గుతాయి. ఆ కదలికకు చోటుండేలా చివర్ల దాదాపు 10 మి.మీ. వదలాలి, బీడింగ్ దాన్ని కప్పేస్తుంది. ప్లాంకుకు ఒక అంచున పొడుచుకొచ్చిన నాలుక, రెండో అంచున పక్క ప్లాంకు నాలుక దూరే గాడి ఉంటాయి. అడ్డంగా బిగించేటప్పుడు నాలుక అంచు పైకి, గాడి కిందికి ఉండాలి. తిరగేసి పెడితే గాడిలో దుమ్ము చేరుతుంది.

చెక్కలా కనిపించే పొడవాటి సిరామిక్ ప్లాంకులకు ఇంకో జాగ్రత్త కావాలి. కాల్చేటప్పుడు అవి నడుమ కొద్దిగా విల్లులా వంగుతాయి. ఇటుక వరసలా సగానికి సగం జరిపి పెడితే ఒకదాని ఉబ్బు పక్కదాని పల్లపు చివరను ఆనుకుంటుంది, చేత్తో తడిమితే మెట్టు తగులుతుంది. మూడో వంతు మించి జరపకండి.

అభ్యాసం

గోడ 316 సెం.మీ., టైల్ 45 సెం.మీ., సందు 3 మి.మీ. రెండు దారుల్లోనూ చివరి ముక్క ఎంత వస్తుందో లెక్కగట్టండి. ఒక దారిలో ముక్క సగం కంటే చాలా పెద్దది వస్తుంది, ఇంకోదానిలో సగానికి కాస్త తక్కువ. పై సూత్రం పెద్దదాన్నే ఎంచుకోమంటుంది. ఎంచుకునే ముందు చేతి కట్టర్ సంగతి ఒక్కసారి తలుచుకోండి. గమ్ కలపడం, పళ్లున్న తాపీ పట్టుకోవడం 4వ పాఠంలో చూద్దాం. జవాబు కూడా అక్కడే ఉంటుంది.